సముద్రం లేని దేశం, అరండల్‌పేట నాలుగో లైను

మార్చి నెల. కిటికీ మూస్తే ఉక్క,
తెరిస్తే మిరప ఘాటు.
సీజన్లో ఊరంతా యార్డే.
హార్డ్‌వేర్ కొట్టు మీద అద్దెగది,
నలభై రెండు మంది, రెండు ఫ్యాన్లు,
తిరిగేది ఒకటి.
గ్రూప్స్ బ్యాచికి ప్రపంచ భూగోళం చెబుతూ చెబుతూ
ఇవాళ బొలీవియా దగ్గరికొచ్చాను.

రాసుకోండి.
పడమర ఆండీస్. రెండు వరసల కొండల నడుమ
ఆకాశానికి ఆనుకుని ఒక పీఠభూమి,
కొత్తగా వెళ్ళినవాడికి నాలుగు మెట్లకే ఆయాసం.
తూర్పుకి దిగితే అడవి, వాన,
అమెజాను వైపు పరిగెత్తే ఏళ్ళు.
నైరుతిలో ఉప్పు.
చినగంజాం ఉప్పుమళ్ళు చూశారుగా,
వాటి గట్లు తీసేసి
విడగొట్టకముందు మన జిల్లా ఎంతుందో
దాదాపు అంతమేర పరవండి.
వాన నిలిచిన నెలల్లో అక్కడ
కాళ్ళ కింద కూడా మబ్బులే.

జెండా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
గుంటూరు కాయ, దుగ్గిరాల కొమ్ము, తెనాలి మడి
అని గుర్తుపెట్టుకోండి,
అసలు అర్థాలు వేరే, అవీ చెబుతాను.

రాజధాని?
ముందు ఎవరో కిసుక్కుమన్నారు,
తర్వాత ఎవరూ నవ్వలేదు.
తుళ్ళూరు కుర్రాడు శివనాగరాజు
పెన్ను మూత తీస్తూ పెడుతూ తల దించుకున్నాడు.
రాజ్యాంగం ప్రకారం సూక్రే, అన్నాను. పెద్ద కోర్టు అక్కడ.
అధ్యక్షుడూ రెండు సభలూ లాపాజ్‌లో.
నూట పాతికేళ్ళ కిందట దీనికే తన్నుకుని
ఒక ఊరు పేరు ఉంచుకుంది,
ఒక ఊరు కుర్చీలు పట్టుకుపోయింది.
"రెండూ ఆప్షన్లలో ఇస్తే సార్?"
ప్రశ్న మళ్ళీ చదువుకో, అన్నాను.
అంతకంటే ఏం చెప్పను?

పొటోసీ. వెండి కొండ.
స్పెయిన్ వాళ్ళు ఊరికింతమందని వంతులేసి
మగవాళ్ళని లోపలికి తోలారు.
బుగ్గన కోకా ఆకు, చేతిలో దీపం.
వెండి ఓడలెక్కింది, మనుషులు కొండలోనే ఉండిపోయారు.
ఇప్పటికీ తవ్వుతున్నారు. శిఖరం కుంగుతోందట.
పద్దెనిమిది వందల ఇరవై అయిదులో స్వతంత్రం.
ఆ తర్వాత తిరుగుబాట్లు ఎన్నో
ఒకరి లెక్క ఇంకొకరికి కుదరదు.
ఇప్పుడది బహుజాతుల రాజ్యం,
స్పానిష్ కాక ముప్ఫై ఆరు భాషలకి అధికార పీట.

డెబ్భై తొమ్మిదిలో యుద్ధం, చిలీతో.
తీరం మొత్తం పోయింది.
నౌకాదళం మాత్రం ఉంది.
"సముద్రం లేకుండానా?" సువార్త లేచింది.
సరస్సులో.
"ఏం చేస్తారు సార్ వాళ్ళు?"
డ్రిల్లు. యూనిఫాం ఇస్త్రీ. ఏటా మార్చి ఇరవై మూడున
సముద్రం మాదని ఊరేగింపు.
"వస్తుందనా?"
సుద్దముక్క విరిగింది.
వెనకనుంచి ఒక గొంతు మెల్లగా,
"నోటిఫికేషన్ ఎప్పుడంటారు సార్?"
ఫ్యాను చప్పుడు కాసేపు విన్నాం.

పరీక్షలో రాని మాట ఒకటి చెప్పాను చివర్న:
మిరప మొదట మొలిచింది ఆ చుట్టుపక్కలేనంటారు,
పోర్చుగీసు ఓడలు ఇటు తెచ్చాయి.
బెల్లు కొట్టారు. సగం మంది వినలేదు.

మర్నాడు సువార్త పటం గీసుకొచ్చింది.
దేశం కాస్త వంకరగా, సరస్సు కాస్త పెద్దదిగా,
పడమటంచున ఎర్రటి వేలిముద్ర,
సగం చిలీ మీద, సగం ఏమీ గీయని తెల్లకాగితం మీద.
ఇదేమిటన్నాను.
"అమ్మది సార్. యార్డు నుంచొచ్చి చెయ్యి కడక్కుండానే పట్టుకుంది.
రోజంతా తొడిమలు తీసిన చెయ్యి.
ఇదే ఊరే అనడిగితే
మన కాయకి పుట్టిల్లు అని చెప్పా."
ఏమంది?
"అంత దూరంనుంచి పనిగట్టుకుని వచ్చిందా,
నా వేళ్ళు మండించడానికి!
అంది సార్."