తిప్పక్క కాళ్లు

పొద్దంతా చెప్పినట్టు వింటాయి.
మోటారు మిషన్ పెడల్ మీద
ఒత్తమంటే ఒత్తుతాయి, ఎత్తమంటే ఎత్తుతాయి.
రోజుకు అరవై జీన్స్ ప్యాంట్లకు జిప్పులేసే కాళ్లివి,
రాయదుర్గంలో ఎవర్నన్నా అడుగు.

రాత్రి పదింటికి లైటార్పి
వన్నూరప్ప అటు తిరిగి గురక మొదలుపెట్టినాక
నా మోకాళ్ల కింద ఎవరో మేలుకుంటారు.

నొప్పి కాదు. నొప్పైతే చెప్పుకుందును.
తిమ్మిరి కాదు. చీమలంటే చీమలూ కాదు.
ఎముక లోపల దారం కొస పట్టుకుని
మెల్లగా, తెగకుండా గుంజుతాండారు ఎవరో.
కదిలిస్తే ఆగుతాది.
ఆపితే గుంజుతాది.
అంతే దాని న్యాయం.

వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి.
కాలు కాలిన పిల్లికి ఒక కారణమన్నా ఉంది,
నాకేం కాలిందని ఈ తిరుగుడు?

మంచమ్మీద కూర్చుని కాళ్లూపితే
గోడవతలి నుంచి అత్త:
"కాళ్లూపొద్దే, ఇల్లు అప్పులపాలవుతాది."
ఊపకముందు ఏం తక్కువుండాయత్తా!

ఒకనాడు నిద్రలోనే వన్నూరప్పను తన్నినానంట.
పొద్దున్నే లుంగీ ఎత్తి
కమిలిన పిక్క చూపించి
"కోపముంటే నోటితో చెప్పు" అన్యాడు.
నవ్వొచ్చింది. ఏడుపొచ్చింది.
అంతలోకే యూనిట్ ఆటో వచ్చింది.

జలుబు మాత్ర మింగితే నిద్రొస్తాదని
మెడికల్ షాపాయన ఇచ్చినాడు.
ఆ రాత్రి కాళ్లు రెండూ జాతరకు పోయినాయి.

అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
"పొద్దు కుంకే కొద్దీ ఎక్కువవుతాదా?
నడిస్తే ఊరుకుంటాదా?" అనడిగింది,
నా పిక్కల్లో కాపురముండి వచ్చిందాని మాదిరి.
దీనికో పేరుందని ఆయమ్మ నోట్లోనే విన్నా.
తర్వాత, పెన్ను ఆపి,
"మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉండిందా?"

మాయమ్మ.

రాత్రి తిరుగుళ్ల తిప్పక్క అని
ఊరే పేరు పెట్టింది.
గాలి సోకిందని వేపమండలతో దిగదీసినారు.
అనుమానంతో మా నాయన
గడపకడ్డంగా పండుకున్నాడు ఏడాది పొడుగునా.
ఆయమ్మ యాడికీ పోలేదు.
నాయన కాళ్ల దగ్గర్నుంచి పొయ్యి దాకా,
పొయ్యి దగ్గర్నుంచి నాయన కాళ్ల దాకా నడిచింది.
జొన్నల మూట పిక్కల మీదేసుకుని
"బరువుంటే ఊరుకుంటాయమ్మీ" అనేది.
నేను నవ్వినా.
పదేళ్లదాన్ని, నవ్వినా.

రక్తం తీసి చూసినారు.
"పైకి బాగానే ఉంది,
పాతరలోనే గింజల్లేవు" అన్యది డాక్టరమ్మ.
గింజలంటే ఇనుమంట.
మా పక్క కొండలు కొండలే ఇనుమై
లారీలెక్కి పోతాంటే దుమ్ము మింగినదాన్ని,
పొద్దంతా సూదితో, గుండీతో, కత్తెరతో బతికేదాన్ని,
నాలో లేదంట అది.

మాత్ర నిమ్మరసంతో మింగల్ల.
దాని దాపులకు టీ రాకూడదు,
పొద్దు కుంకినాక కాఫీ అసలే వద్దు.
పండుకునే ముందు గోరువెచ్చని నీళ్లు, పిక్కల మర్దన,
గోడకు చేతులానిచ్చి మడమలు నేలకదిమి నిలబడల్ల.
జలుబు మాత్ర మళ్లా అడగొద్దు.
"పూర్తిగా పోతాదా మేడం?"
"మాటివ్వలేను. నెలలు పడుతుంది. తగ్గుతుంది."
ఆ మాటివ్వలేననడమే నాకు నచ్చింది.

మూడో నెల ఇది.
వారంలో నాలుగు రాత్రులు నావి,
మూడు కాళ్లవి.
వన్నూరప్ప ఒక్కోసారి లేచి పిక్కలు పిసుకుతాడు,
పిసుకుతానే నిద్రపోతాడు,
చెయ్యి మాత్రం కాసేపు పనిచేస్తానే ఉంటాది.

మొన్న యూనిట్లో మిగిలిన జీన్స్ ముక్కలు తెచ్చి
పొడుగ్గా ఒక సంచి కుట్టినా.
నాలుగు శేర్ల జొన్నలు పోసి మూతి బిగించినా.
అత్త చూసి, ఎందుకని అడగలేదు.

తెల్లారి లేస్తే
మూట కిందపడి ఉంది.
నేను మంచమ్మీదనే ఉండా.