పదిహేడో ప్రశ్న

కంచె ఎత్తు కొలవడానికి ఒక టేపు,
పదిహేడు ప్రశ్నల కాగితం,
తడి తగిలితే మొండికేసే పెన్ను.
శనివారాలు ఇలా బయల్దేరతాను.
మిగతా రోజులు గెంట్‌లో, ఒక బేకరీలో,
తెల్లారకముందే పిండి తూస్తాను.

ఇవీ ఒకరకం పెళ్లిచూపులే.
కాకపోతే పిల్ల రాదు.
పిల్ల ఇంకా స్పెయిన్‌లో, బదహోస్ దగ్గర
ఒక సిమెంటు గదిలో
మరో పదకొండింటి వీపులకి ఆనుకుని పడుకుని ఉంది.
ఫొటోలో ఒక చెవి వెనక్కి,
ఇంకొకటి ఎటూ తేల్చుకోక.

అక్కడ వేటకాలం ముగిశాక
కుందేలును అందుకోలేని కుక్క
తిండి దండగ.
ఆలివ్ తోట అంచున దొరికిందని రాశారు.
మెడ చుట్టూ వైరు గీత సంగతి
రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో.
పేరు సెనీసా. అంటే బూడిద.
రంగు చూసి పెట్టారో
మిగిలింది చూసి పెట్టారో.

లీవెన్ గారికి డెబ్భై ఒకటి.
నేనొస్తున్నానని బూట్లకి పాలిష్ పెట్టాడు,
మెట్ల మీద కొత్త తివాచీ ముక్కలు, మేకులు ఇంకా మెరుస్తూ.
"నున్నటి నేలంటే వాటికి భయమట కదా,
చదివాను."
ముప్పై ఎనిమిదేళ్లు కాలువ మీద వంతెన ఎత్తిన మనిషి.
పడవ కనబడితే గంట కొట్టడం,
గేటు దించడం, మీట తిప్పడం,
కార్లలో జనం వాచీలు చూసుకుంటూ తిట్టుకుంటుంటే
పడవ దాని తీరున అది పోయేదాకా నిలబడటం.
"తొందరగా చేసే పని ఒక్కటీ చేతకాదు నాకు,"
అన్నాడు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.
కాగితం అంచున టిక్కు పెట్టాను.
ఆ ప్రశ్న మా కాగితంలో లేదు.

కంచె నూట అరవై.
కావలసింది నూట ఎనభై.
కుదరదని చెప్పి లేచి రావడం నాకు అలవాటే:
చక్కటి తోటలున్నవాళ్లకి చెప్పాను,
ఏడ్చినవాళ్లకి చెప్పాను,
విరాళం రెట్టింపు ఇస్తానన్న పళ్ల డాక్టరుకి
కాస్త ఇష్టంగానే చెప్పాను.
ఈయన టేపు మీద అంకె చదువుకుని
"మంగళవారానికల్లా" అన్నాడు, అంతే.

ఆఖరిది మిగిలింది.
మీకేమైనా అయితే కుక్కని ఎవరు చూస్తారు?
బల్ల మీది రొట్టె పొడిని
వేలితో ఒకచోటికి చేర్చాడు. మళ్లీ చెదిరేశాడు.
చెల్లెలు ఊస్టెండ్‌లో, చక్రాల కుర్చీలో.
పక్కింటావిడకి నాలుగు పిల్లులు.
"వంతెన మీద నాతోపాటు యోరిస్ ఉండేవాడు,"
అని మొదలుపెట్టి
కాఫీ చల్లారిపోతోందన్నాడు.
ఖాళీ గడిని అలాగే మడిచి సంచీలో పెట్టుకున్నాను.

మంగళవారం ఫొటో వచ్చింది.
కంచె నూట ఎనభై రెండు.
పక్కన టేపు పట్టుకుని ఆయన, కోటు వేసుకుని.

వ్యాను వచ్చింది మార్చిలో, ఆదివారం, ఐదున్నరకి,
హైవే పక్కన పెట్రోలు బంకు వెనక.
ఇరవై గంటల ప్రయాణం. నడిపిన రెమెడియోస్
దిగీ దిగగానే గోడకి చేరబడి కళ్లు మూసుకుంది.
ఒక్కో కుక్కకి రెండు తాళ్లు, ఇద్దరు మనుషులు,
వానలో పేర్లు పిలుస్తూ, తప్పుగా పలుకుతూ.
అన్నీ దిగాయి.
బూడిద దిగలేదు.

ఎవరో జున్ను చూపించారు. ఎవరో ఎత్తి దించుదామన్నారు.
లీవెన్ వద్దని చెయ్యి ఊపి
వ్యాను తలుపు దగ్గర తడి తారు మీద చతికిలబడ్డాడు,
కుక్కకి వీపు పెట్టి, రోడ్డుకేసి చూస్తూ.
పాలిష్ పెట్టిన బూట్లే.
పావుగంట.
అరగంట.
మిగతావాళ్ల కార్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి.
నలభయ్యో నిమిషాన అది దిగింది,
ఆయన వంక చూడనైనా చూడలేదు,
చక్రం పక్కకి వెళ్లి చాలాసేపు ఉచ్చ పోసింది.
రెమెడియోస్ కళ్లు తెరవకుండానే నవ్వింది.

సంతకాలు బానెట్ మీద.
నా పెన్ను అనుకున్నట్టే ఆగిపోయింది,
బంకు కుర్రాణ్ణి అడిగి ఇంకొకటి తెచ్చుకున్నాను.
పదిహేడో గడిలో ఆయన గీత గీయబోతుంటే
కాగితం నా వైపు తిప్పుకుని రాశాను:
మాఖ్‌టెల్డ్, బేకరీ,
అద్దె గది, రెండో అంతస్తు,
కంచె లేదు.

మా నియమాల ప్రకారం
నాకు కుక్కని ఇవ్వకూడదు.