ఇస్త్రీ మచ్చ

శనివారం రాత్రి గుడి వెనక గదిలో
నేనూ దైవసహాయం గారూ
సంఘం ఇచ్చిన బట్టలు వేరు చేస్తున్నాం.
బర్మా కొండల్నించి ముగ్గురొస్తున్నారని
పోయిన ఆదివారం ప్రకటన చదివింది నేనే.

గొర్రెల్ని ఇటూ మేకల్ని అటూ నిలబెట్టినట్టు
మంచివి బల్ల మీదికి, చెడ్డవి గోనెలోకి.
హుక్కులూడిన జాకెట్లు,
జిప్పు చచ్చిన లాగు,
ఒంటి చెప్పు,
ఎవరి మనవడిదో స్కూలు టై.
"ప్రభువుకి మసిగుడ్డలిచ్చారమ్మా" అన్నారాయన.
అవునన్నాను. గట్టిగానే అన్నాను.

అంతలో చేతికొచ్చింది
ఆకుపచ్చ వాయిలు చీర,
కుచ్చిళ్ళ దగ్గర ఇస్త్రీ కాలిన మచ్చ,
మచ్చ మధ్య రూపాయి బిళ్ళంత చిల్లు.
నాదే.
చిల్లు కనపడకుండా మడత లోపలికి తిప్పిందీ నేనే.
బల్ల మీదికీ వెయ్యలేక, గోనెలోకీ వెయ్యలేక
కాసేపు ఒళ్ళో పెట్టుక్కూర్చున్నాను.

ఆ తర్వాత ఇంటి వేట.
సంగడిగుంటలో రెండు, ఏటుకూరు రోడ్డులో నాలుగు,
మూడు వంతెనల అవతల ఒకటి.
నేపాలోళ్ళా? చైనావోళ్ళా?
ఏం వండుకుంటారు?
ఒకావిడైతే వాళ్ళని వదిలేసి
నా వైపు వంగి మెల్లగా అడిగింది:
"ఇంతకీ మీరేవిట్లు?"

ఆ ప్రశ్న నాకు పాత చుట్టం.
మా నాన్న మొదటి జీతం జేబులో పెట్టుకుని
బ్రాడీపేట అడ్డరోడ్లన్నీ తిరిగిన నాడు
ఆయన వేలు పట్టుకుని నేనున్నాను.
అద్దెకివ్వబడునన్న బోర్డు వేలాడుతూనే ఉండేది,
పేరు చెప్పగానే పై వాటా నిండిపోయేది.

"మేం ఈ పిల్లాడి బంధువులం" అన్నాను.
అది అబద్ధమని ఒప్పుకోవాలో అక్కర్లేదో తేలక
ఆ రాత్రి చాలాసేపు
మోకాళ్ళ మీదే ఉండిపోయాను.

చివరికి మిర్చి యార్డు వెనక దొరికింది,
ఘాటుకి ఎవరూ చేరని గది.
మేమంతా తుమ్ముతుంటే
ఆమె గుమ్మంలో నిలబడి
గుండెల నిండా పీల్చుకుంది.

ఆమె పేరు న్గున్ తియాల్.
మా నోళ్ళలో పడి నుంతాలయింది.
తను సరిదిద్దలేదు.
సరిదిద్దే ఓపిక ఏ పొలిమేర దగ్గర అయిపోయిందో.
అద్దం ముందు ఇప్పుడు రోజూ సాధన చేస్తున్నాను,
ముక్కులో పుట్టి గొంతులో ఆగే ఆ మొదటి అక్షరం.

గోంగూర పచ్చడి పట్టుకెళ్ళాను,
పాపం కొత్తవాళ్ళని కారం తగ్గించి.
వేలితో నాకి కళ్ళు మూసుకుంది.
వాళ్ళ భాషలో దానికో పేరు చెప్పింది,
పెరటి మడినీ దాని ఎత్తునీ చేత్తో చూపించింది.
ఎండుమిరపకాయ అడిగి తీసుకుని
కటకటా నమిలి
ఇది చాలదన్నట్టు తల ఊపింది.
గుంటూరు పుట్టిన్నాటి నుంచీ
ఇంత పరాభవం ఎరిగుండదు.
అత్తగారు నవ్వింది. పిల్లాడు నవ్వాడు.
నాలుగో మనిషి సంగతి
నేనడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

కొత్త చీర ఒకటి కొనే ఇచ్చాను.
కాలినదాన్ని గిన్నెలు మూటగట్టడానికి వాడి
అక్కడే మర్చిపోయాను,
లేదా మర్చిపోయాననుకున్నాను.

నిన్న సాయంత్రం వెళితే
పడమటి కిటికీకి తెరగా ఉందది.
గదంతా లేత ఆకుపచ్చ.
చిల్లులోంచి దిగిన ఎండ
నేల మీద బిళ్ళలా పడి ఉంది.
జా లియాన్ బియ్యం కొలిచే సోల తెచ్చి
దాని మీద బోర్లిస్తున్నాడు,
పట్టేద్దామని.
బోర్లించిన ప్రతిసారీ
అది ఎగిరి సోల మీదెక్కి కూర్చుంటోంది.

వాడి నాయనమ్మ నన్ను చూసి
కొంచెం జరిగి
పక్కన చాప మీద తట్టింది.

చెప్పులు విడిచి
లోపలికెళ్ళాను.