పదకొండో నిమిషం

ఇన్వర్‌కార్గిల్‌లో గురువారం. దక్షిణపు గాలి
కిటికీ సందుకి నోరు పెట్టి ఈల వేస్తోంది.
హీటరు ఒక వైపే ఎర్రబడింది.
తడిసిన బూట్లు తలుపు దగ్గరే విడిచి
సెమిసి రికార్డరు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు,
అంత పెద్ద మనిషి, ఇంత చిన్న కుర్చీలో.

ఆమె పేరు నాకక్కర్లేదు.
గొంతు చాలు.
"తండ్రీ అని మొదలుపెడతానా,
మా నాన్న బెల్టు గుర్తొస్తుంది.
అక్కడే ఆగిపోతుంది ప్రార్థన."
తర్వాత నాలుగు క్షణాలు ఖాళీ.
తర్వాత సెమిసి:
"దేవుడు మీ నాన్నలాంటివాడు కాడు."

ఆపాను.
మాటలో తప్పేమీ లేదు.
గొంతే వేరు.
అప్పటిదాకా ఆమె పక్కనే నడుస్తున్నది
ఒక్కసారిగా మెట్లెక్కి
పైనుంచి పలికింది.

"ఎవరిదా గొంతు?"
నవ్వబోయి మానేశాడు.
టోంగాలో, తగరపు కప్పు కింద,
ముప్పై ఏళ్ల ఆదివారాలు మోగించిన పాస్టరుది.
"మా నాన్నది" అన్నాడు,
తను పెట్టుకోని వస్తువేదో
తన జేబులో చేతికి తగిలినట్టు.

ఇక్కడితో ముగించి నోట్సు రాసుకోవచ్చు.
పర్యవేక్షకురాలిని, కింద సంతకం నాదే.
కానీ నన్ను నేను చూసుకున్నాను.
ఆ గొంతు వినగానే
నా వీపు నిటారైంది.
మోకాళ్లు దగ్గరికి జరిగాయి.
చేతులు ఒడిలో ఒకదాని మీదొకటి.
అరవై రెండేళ్లదాన్ని,
డ్యూనెడిన్ చర్చిలో మూడో బల్ల మీద
గౌను సర్దుకుంటున్న తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను.
చర్చి గడప తొక్కి నలభై ఏళ్లు.
వీపుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

అతనికి చెప్పేశాను.
చెప్పొచ్చో లేదో ఏ పుస్తకమూ తిరగెయ్యలేదు.
ఇద్దరం నా చేతులకేసి చూశాం,
ఎవరివో ఇవి, ఎవరో మర్చిపోయి వెళ్లారన్నట్టు.

"నేను ఆడమనిషినైతే
ఆమెకి వేరే మాట చెప్పేవాణ్ణా?"
"ఏమో. నేనైతే ఆ దేవుణ్ణి
గదిలోకే రానిచ్చేదాన్ని కాదు.
బాల్యం గురించి అడిగేదాన్ని, బెల్టు గురించి అడిగేదాన్ని,
ప్రార్థన గురించి మాత్రం అడిగేదాన్ని కాదు.
అదీ ఆమె నోరు నొక్కడమే."

మళ్లీ వెనక్కి తిప్పాం. పదకొండో నిమిషం.
తండ్రీ. బెల్టు. ఆగిపోతుంది.
ఇందాక ఖాళీ అనుకున్న ఆ నాలుగు క్షణాలు
ఖాళీ కావు.
ఊపిరి తీసుకుంటోంది ఆమె.
పెదవులు విడివడిన చప్పుడు, సన్నగా,
అతని మాట మీద పడేలోపు.
ఇంకో పిలుపు ఏదో
నాలుక చివరిదాకా వచ్చి ఉంది.

"ఏమని?" అన్నాడు సెమిసి,
ఈసారి తన గొంతుతోనే.
నాకెలా తెలుస్తుంది?
ఆమె వచ్చేది బుధవారం, మూడింటికి.