సుద్దముక్క లెక్క

రెండో పాలీషు మిషను పక్కన
మూల విరిగిన నల్లబండ ఒకటి, ఎవరూ కొనంది.
మా అండమాను ప్రయాణమంతా దాని మీదే రాసినాం.

కరెంటు పోతే చాలు
పక్కీరమ్మ సద్దిగిన్నె మూత కూడా పెట్టకుండా వస్తుంది.
"యాడికొచ్చినాం?" అంటుంది, రైల్లో ఉన్నట్టే.

తాడిపత్రి నుంచి మద్రాసు. రాత్రి బండి, స్లీపరు, నలుగురం.
ఆడి నుంచి ఓడ. మూడు రాత్రులు.
విమానమైతే రెండు గంటలేనని కుళ్లాయప్ప ఫోను చూపించినాడు.
"మబ్బుల్ని సూసేదానికా మనం పోయేది?" అని
ఆయప్ప పెండ్లాం ఉసేనమ్మ
విమానాన్ని తడిగుడ్డతో తుడిచేసింది.

దాని కింద బస.
గది రోజుకు పద్దెనిమిది వందలు, ఫ్యానుతో.
కిటికీలోంచి సముద్రం కనబడితే ఇంకో ఏడొందలు.
కనబడేదానికీ దుడ్లేనా!
నడిచిపోయి చూద్దాంలే అని ఏడొందలు కొట్టేసినాం.
మర్నాడు ఎవరూ లేనప్పుడు
నేనే మళ్లీ రాసినా.

గదులు ఒకటా రెండా, వారం నడిచింది.
కుళ్లాయప్ప గురక కటింగు మిషను కంటే పెద్దది,
ఉసేనమ్మే ఒప్పుకుంది.
ఆయప్పకు వరండా అని రాసి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టినాం.

దీవి నుంచి దీవికి చిన్న పడవ. పొద్దున ఆరున్నరకు.
తప్పిపోతే?
ఇక్కడ బస్సు తప్పితే జీపు, జీపు తప్పితే బండల లారీ,
అదీ తప్పితే కాళ్లు.
నీళ్ల మీద కాళ్లెట్ల?
అదొక్కటే తేలలేదు.

నలుగురిలో ఒక్కరమూ సముద్రం చూడలేదు.
పెన్న పారినప్పుడు వంతెన మీద నిలబడి చూసినాం, అదీ ఎప్పుడో.
మొన్న క్వారీ నుంచి దిగిన బండకు నీళ్లు కొడితే
దాని మీద అలలు!
వరసగా, సన్నగా,
మడమల్లోతు నీళ్లు ఇప్పుడే వెనక్కి పోయినట్టు.
ఒకప్పుడు ఇదంతా సముద్రమేనంట, ఉసేనమ్మ కొడుకు చదివి చెప్పినాడు.
ఎన్నేండ్ల కిందట అంటే
ఆ సున్నాలు రాసేదానికి సుద్ద చాల్లేదు.
పక్కీరమ్మ చెప్పులిడిచి దాని మీద నిలబడింది.
చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుంది.
ఓనరు వచ్చి, తేడా మాలు, ఇంకో రెండు సార్లు రుద్దమన్నాడు.
రుద్దినాం.
నున్నగైంది.

శనివారం వచ్చేసరికి మా లెక్కల బండ లేదు.
మద్రాసు లోడుకు ఒకటి తక్కువైందని
విరిగిన మూల కోసి ఎక్కించినారంట.
సుద్ద తుడిచినారో లేదో.
ఎవరింటి వంటగట్టు మీదనో ఇప్పుడు
మా పద్దెనిమిది వందలు,
కొట్టేసి మళ్లీ రాసిన ఏడొందలు,
వరండా, ప్రశ్న గుర్తు.

ఉసేనమ్మ కొంగుముడిలోంచి కొత్త సుద్దముక్క తీసింది.
ఈసారి గోడ మీద రాద్దామన్నాడు కుళ్లాయప్ప.
"గోడ యాడికీ పోదు గదా" అంది పక్కీరమ్మ,
అది మంచికని అందో, కాదని అందో.