రిమార్కుల గడి

నా తెరమీద బొగ్గు ఊదారంగులో ఉంటుంది.
నలుపు పెడితే వెనకున్న నలుపులో కలిసిపోతుందని
మూడో పొరకి ఊదా, నాలుగోదానికి నారింజ.
ఇసుకరాయికి ఏ రంగూ ఇవ్వలేదు,
ఎత్తి పారబోసేదే కదా.

మారతహళ్ళిలో ఆరో అంతస్తు.
గోదావరి పక్క తవ్విన నూటపద్నాలుగు బోర్లు
ఇక్కడికి స్కానై వచ్చాయి, టీ మరకలతో సహా.
చుక్కలు వాళ్ళవి. గీతలు యంత్రానివి.
బోరుకీ బోరుకీ నడుమ నాలుగొందల మీటర్లు,
అక్కడేముందో ఎవరూ చూసింది లేదు.
ముగ్గు కలిపినంత సులువుగా కలిపేస్తుంది.
కలిపాక, నిజంగా అలాగే ఉందనిపిస్తుంది,
నాక్కూడా.

దుర్గం పోశం, డ్రిల్లర్. ఎనభై ఏడు, జూన్.
బోరు నంబరు అరవై రెండు.
నూట ఎనభై ఆరు మీటర్ల దగ్గర అక్షరాలు వంకర తిరిగాయి:
"నీళ్లు ఉబికినయ్. నిలువెత్తు లేసినయ్.
రాడ్లు గుంజినం. అందరం తానం చేసినం.
పని బంద్."

ఎక్కణ్ణుంచి, ఎందాకా, ఏం రాయి, బూడిద ఎంత:
నాలుగు గడుల్లో స్నానానికి చోటు లేదు.
"ఖాళీగా వదిలేయండి మేడమ్,
పక్క బోర్ల నుంచి అదే నింపుకుంటుంది"
అన్నాడు కొత్తగా చేరిన చెంగప్ప.
నింపుకుంది. నున్నగా, ఊదాగా.

రాత్రి హోరమావులో మా అపార్ట్‌మెంటు వెనక
తిరుచెంగోడు లారీ వచ్చి నిలబడింది.
వెయ్యి అడుగులు.
ట్యాంకర్ల బిల్లులు చేతిలో పట్టుకుని
సెక్రటరీ నంజుండప్ప, బనీను మీదే,
రాడ్డు దిగినప్పుడల్లా వంగి చూస్తున్నాడు.
పిండి. తెల్లటి రాతిపిండి.
ఆరేసిన స్కూలు యూనిఫాం మీద,
కరివేపాకు కుండీ మీద, నా పళ్ళ సందుల్లో.
పదకొండు వందలు. పిండే.
జియాలజిస్టు కదా చెప్పండి అన్నట్టు
అందరూ నా వైపు తిరిగారు.
ఒక్క చుక్కతో నేను ఏ గీత గీయను?
"ఇంకో రెండు రాడ్లు చూద్దాం" అన్నాను,
ఏదో ఒకటి అనాలి గనక.

పొద్దున కుళాయి గుర్రుమని ఊరుకుంది.
తల దులుపుకుని ఆఫీసుకొచ్చి
అరవై రెండు చుట్టూ ఊదారంగు చెరిపాను.
గని అడుగున ఆ మూల రెండు పంపులే వేశాం,
నాలుగు చేశాను.
ఖర్చు గడి ఎర్రబడింది,
కారణం రాయమని అడిగింది.

రాశాను. పోశం రాసినట్టే, అక్షరం దిద్దకుండా.
చెంగప్పకి తెలుగు రాదు,
తానం అంటే ఏమిటని అడిగాడు.