కట్ట కింద తడి

రాత్రి రెండున్నరకు మెట్ల మీద చెప్పుల చప్పుడు.
వార్డు బాయ్ కొమురెల్లి అరచేతిలో
ఆకుపచ్చ మూత ట్యూబు.
మడమ గుచ్చి పిండిన నెత్తురు
అడుగున అర మిల్లీలీటరు.
ఇంకా వెచ్చగనే ఉన్నది.

లేబుల్ మీద: బేబీ ఆఫ్ ఓదెమ్మ.
ఇరవై తొమ్మిది వారాలు. కిలో నూట ఇరవై గ్రాములు.
డొక్కలెగరేస్తున్నది. బీపీ నిలుస్తలేదు.
ట్రోపోనిన్, అర్జెంట్.

ఓదెమ్మ ఏనుమాముల యార్డుల
మిర్చి తాలు ఏరే మనిషి.
నొప్పులొస్తే ఘాటుకు కడుపు పట్టిందనుకున్నరట.
పెనిమిటి సాంబరాజు అక్కడే హమాలీ.
నలభై కిలోల బస్తా వీపున మోసేటోడు
బిడ్డ తూకం విని
"కిలో మీద ఎంత?" అని
రెండుసార్లు అడిగిండట.

ఊపిరితిత్తులను తెరిచి పట్టే నురుగు
ఇంకా ఊరనే లేదు.
గాలి కోసం ఒళ్లంతా చేసే కూలి
రేగుపండంత గుండె మీద పడ్డది.
కండరం నలిగితే, లోపల ఉండాల్సినది
నెత్తుట్లకు కారుతది.
నేను వెతికేది దాన్నే.

మిషన్‌కు పద్దెనిమిది నిమిషాలు.

పరకాల దిక్కు మా ఊరి చెరువుకు
మా నాయిన నీరటి.
ముసురు పట్టిన రాత్రి లాంతరు పట్టుకొని
కట్ట కింద వట్టికాళ్లతో నడిచేటోడు.
మడమతోని మట్టిని తొక్కి చూసేటోడు.
"తడి కనబడంగనే గండి అనొద్దు బిడ్డా,
కొత్త కట్ట కొంత ఊరుతది.
నిన్నటి తడి మీద ఇయ్యాల పెరిగిందా
గది సూడాలె."

అంకె వచ్చింది. పక్కన ఎర్రబాణం, పైకి.
దాని పక్క గడిలో ఉండాల్సిన హద్దు
చుట్టలు తాగిన అరవై ఏండ్ల ఛాతీలకు గీసింది.
నెలలు నిండని గుండెకు
ఎంత దాక మామూలో
ఆ కాగితంల ఎక్కడా లేదు.

ఫోన్‌ల డాక్టర్ నుస్రత్ గొంతు,
వెనుక సీపాప్ సీసాల నీళ్లు బుడబుడ:
"ఒక్క అంకెతో ఏం చెప్పలేం మైథిలీ.
ఎకో తీయిస్తా. ఆరింటికి ఇంకో శాంపిల్."

ఇంకో అర మిల్లీలీటరు.
ఆ పిల్ల ఒంట్ల ఉన్న నెత్తురంతా పోస్తే
గేటు కాడి హోటల్‌ల ఒక చాయ్ గ్లాసు.
నేను తెప్పించుకున్న చాయ్
బల్ల మీద మీగడ కట్టింది.

కిటికీ కాడ సాంబరాజు.
"మేడం, గుండె పగిలిందా?"

మన మాటల్ల గుండె
ఎన్నిసార్లు పగల్లేదు, ఎన్నిసార్లు చెరువు కాలేదు!
ఒక్కసారన్నా ఎవరన్నా రిపోర్టు అడిగిండ్రా?
ఇతను అడిగిండు.
డాక్టర్‌నే అడుగమనాలె, రూలు అదే.
నేను మా నాయిన మాట చెప్పిన.
కట్ట సంగతి అతనికి ఎరుకే; తల ఊపిండు.
మళ్ల చొక్క చెయ్యి పైకి మడిచి
"నాది తీసుకోరి, ఎంతన్నా" అన్నడు.

ఆరింటి అంకె పెద్దది.
మాపటిది ఇంకా పెద్దది.
మర్నాటి రాత్రిది కొంచెం దిగింది,
చేతి గడియారంల ముల్లు జరిగినంత.
నేను రెండుసార్లు నడిపించి చూసిన.

మూడోనాడు శాంపిల్ రాలేదు.
రాకపోతే మా దగ్గర రెండే కారణాలు.
కొమురెల్లి వేరే ట్యూబులు తెచ్చిండు,
వేరే తల్లుల పేర్లు.
అడుగుదామని నోరు తెరిచి
మూతల రంగులు లెక్కపెట్టుకున్న.

నాలుగింటికి ఫోన్ చేసిన.
సిస్టర్ తబిత ఎత్తింది.
"ఆ పిల్లనా? సీపాప్ మీదనే ఉంది.
పాలు మొదలు పెట్టినం, గొట్టంతోని.
తల్లివే. ఒక మిల్లీలీటరు."

ఒకటి.
నేను ఒక్కసారి తీసుకున్నదానికి
రెండింతలు.